చెట్టుకు కాసిన పట్టు: గోదావరి అడవుల్లో దసలి చిమ్మట రూపం, పేర్లు, చరిత్ర

వ్యాససంగ్రహం:
మధ్యభారతం నుంచి గోదావరి పరీవాహక ప్రాంతం వరకు విస్తరించిన ఆకురాల్చు అడవుల్లో దసలి పట్టునిచ్చే చిమ్మట జీవిస్తుంది. దాని పట్టుకు వేల ఏళ్ల చరిత్ర ఉన్నా, రెక్కలు వచ్చిన ఆ జీవికి తెలుగులో స్థిరమైన పేరు ఏర్పడలేదు. ప్రాచీన గ్రంథాలు, యూరపు ప్రకృతి శాస్త్రజ్ఞుల రచనలు, ఆధునిక చట్టాలు, పరిశోధన సంస్థలు ఈ జీవిని ఏ దశలో చూసి ఏ పేరు పెట్టాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చూపు ఏ దశ దగ్గర ఆగిందో పేరు అక్కడే ఆగిందనీ, ఆ లోపం స్థానిక రకం మనుగడ దాకా వస్తోందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: దసలి, చిమ్మట, మద్ది, పట్టుకాయ, భద్రాచలం, రాక్స్‌బర్గ్, అటవీ హక్కులు, ఆంధ్రా లోకల్

ఉపోద్ఘాతం:

ఖమ్మం నగరంలో భాగమైపోయిన ఖానాపురం హవేలి తన పేరులోనే ఒక పాత పాలనా పద్ధతిని మోస్తున్నది. రాజధానికో ముఖ్యపట్టణానికో ఆనుకొని, నేరుగా ప్రభుత్వ అధీనంలో ఉండే భూములను పూర్వపు రెవెన్యూ పరిభాషలో హవేలి అనేవారు. లెక్కకు, శిస్తుకు లొంగిన నేల అది. అక్కడి నుంచి కొత్తగూడెం మీదుగా భద్రాచలం వైపు వంద కిలోమీటర్లకు పైగా సాగితే, లెక్కలకు అంత సులువుగా లొంగని నేల మొదలవుతుంది. గోదావరికి ఇరువైపులా కొండలు, కోయల, కొండరెడ్ల పల్లెలు, ఆకురాల్చు అడవులు కనిపిస్తాయి. ఆ అడవుల్లో నల్లమద్ది, తెల్లమద్ది చెట్లు విస్తారం. దసలి పట్టుపురుగుకు ప్రధానమైన మేత ఈ మద్దిచెట్ల ఆకే.

ఉత్తరాన మహదేవ్‌పూర్, చెన్నూరు అడవులకూ తూర్పున బస్తర్ పీఠభూమికీ నడుమ భద్రాచలం అటవీ ప్రాంతం ఉంది. మహదేవ్‌పూర్ దసలి నేతకు ప్రసిద్ధం. బస్తర్ అడవుల్లో సాలవృక్షాల మీద పెరిగే రకం వేరొక పేరుతో ప్రసిద్ధం. ఈ మూడు ప్రాంతాలను కలిపి చూసినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. పట్టు గురించి, చీర గురించి, కాయ ధర గురించి ఎంతో మాట్లాడుకున్న సమాజం ఆ పట్టుకు మూలమైన చిమ్మట గురించి దాదాపు ఏమీ మాట్లాడలేదు. ఈ మౌనానికి కారణాలు ఆ జీవి రూపంలోనూ, దాన్ని చూసినవారి అవసరాల్లోనూ ఉన్నాయి.

1. చిమ్మట రూపం, జీవితం:

దసలి చిమ్మట శాస్త్రీయనామం ఆంథేరియా మైలిట్టా. రెక్కలు విప్పినప్పుడు దాని వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు, కొన్నిసార్లు అంతకు మించి ఉంటుంది. ఆడది పెద్దది, బరువైనది. పసుపు, బూడిద ఛాయల్లో ఎక్కువగా కనిపిస్తుంది. మగది చిన్నది; సాధారణంగా ఎరుపు కలిసిన గోధుమవర్ణం. మగచిమ్మట ముందురెక్కల కొసలు కొడవలిలా వంపు తిరిగి ఉంటాయి. దాని స్పర్శశృంగాలు పక్షి ఈకల్లా విచ్చుకొని ఉంటాయి. చీకట్లో ఎంతో దూరంలో ఉన్న ఆడచిమ్మట వాసనను పసిగట్టడానికి అవే ఆధారం.

ఈ రూపంలో అన్నిటికంటే ముందు కంటబడేవి నాలుగు కళ్లు. ప్రతి రెక్క మీదా ఒక గుండ్రని మచ్చ, దాని చుట్టూ రంగుల వలయం ఉంటాయి. మచ్చ నడిమి భాగంలో రెక్కను కప్పే పొలుసులు ఉండవు. అందువల్ల అక్కడ రెక్క అభ్రకపు రేకులా పారదర్శకంగా ఉంటుంది. వేటాడే పక్షిని బెదరగొట్టడానికి ఇటువంటి కంటిమచ్చలు తోడ్పడతాయని జీవశాస్త్రజ్ఞులు భావిస్తారు.

ఇంత ఆడంబరమైన రూపానికి దొరికిన ఆయువు చాలా తక్కువ. చిమ్మటకు ఆహారం తీసుకోగల నోరు లేదు. పురుగుగా ఉన్నప్పుడు దాచుకున్న శక్తితోనే అది వారం పది రోజులు బతుకుతుంది. జతకట్టడం, గుడ్లు పెట్టడం మాత్రమే దాని పని. గుడ్డు నుంచి వచ్చిన పురుగు ఆకుపచ్చగా, మద్ది ఆకుల్లో కలిసిపోయేలా ఉంటుంది. నాలుగుసార్లు కుబుసం విడిచి, నెల నుంచి నెలన్నర వరకు, చలి ఎక్కువైతే ఇంకా ఎక్కువ కాలం మేసి, చివరికి కాయ కడుతుంది. ఆ కాయ కట్టే తీరు విశిష్టమైనది. పురుగు ముందుగా కొమ్మ చుట్టూ పట్టుతో ఒక ఉంగరం చుడుతుంది. దాని నుంచి గట్టి తొడిమను దించుతుంది. ఆ తొడిమకు కోడిగుడ్డు ఆకారంలో గట్టి గూడు వేలాడుతుంది. చలికాలంలో కట్టిన కాయలో జీవి వేసవి అంతా నిద్రాణంగా ఉండి, తొలకరి తర్వాత బయటికి వస్తుంది. ఎండాకాలంలో ఆకు రాలిన నల్లమద్ది కొమ్మలకు బూడిదరంగు కాయలు వేలాడుతుంటే చెట్టే వాటిని కాసినట్టు ఉంటుంది.

2. తెలుగు పేర్లు – పురుగు, కాయ, కోక:

తెలుగువారు ఈ గూటిని 'కాయ' అన్నారు. దసలికాయ, పట్టుకాయ అనే మాటలు సేకరించేవారి నోటా, నేతవారి నోటా, ప్రభుత్వ కాగితాల్లోనూ వాడుకలో ఉన్నాయి. తొడిమ ఉండటం, కొమ్మకు వేలాడటం, కోతకు ఒక కాలం ఉండటం అనే మూడు లక్షణాలూ ఆ మాటను సార్థకం చేస్తున్నాయి. ఇది కంటితో చూసి పెట్టిన పేరు. అయితే ఆ పేరు పట్టును చెట్టు సంతానంగా చూపుతుంది. లోపలి జీవి ఆ మాటలో కనిపించదు.

'దసలి' అనే మాట దారి వేరు. ఇది హిందీ ప్రాంతాల 'టసర్' అనే మాటతో సంబంధమున్నదిగా కనిపిస్తుంది. టసర్ అనే మాటకు సంస్కృత 'తసర' శబ్దం మూలమని సాధారణంగా చెబుతారు. తసరం అంటే మగ్గం మీద పేకను నడిపే నాడె. ఆ వ్యుత్పత్తిని అంగీకరిస్తే, ఈ పట్టు పేరు అడవిలో పుట్టలేదు, మగ్గం దగ్గర పుట్టింది. ఇక 'పట్టుపురుగు' అనే మాట మేసే దశను మాత్రమే చెబుతుంది. కాయ సేకర్తది, దసలి నేతగానిది, పురుగు పెంపకందారుది. రెక్కల దశ ఎవరి వృత్తికీ నేరుగా ఉపయోగపడలేదు కాబట్టి అది పేరు లేకుండానే మిగిలింది.

పాఠ్యపుస్తకాల్లో దీనికి 'చిమ్మట' అనే మాటను వాడుతున్నారు. కానీ వాడుకలో ఆ మాటకు బట్టలు కొరికే పురుగు అనే అర్థమూ, కీచుమనే పురుగు అనే అర్థమూ ఉన్నాయి. దీపంలో పడే జీవిని కావ్యభాష శలభం అన్నది. మిడుత అని కూడా వ్యవహరించింది. పంటను తినే మిడుతకూ అదే మాట. రాత్రిపూట దీపం దగ్గరికి వచ్చిన పెద్ద రెక్కల జీవిని చూసి చాలామంది సీతాకోకచిలుక అనేస్తారు.

ఈ చివరి మాట భద్రాచలం ప్రాంతంలో మరింత ఆలోచింపజేస్తుంది. సీతాకోకచిలుక అనే సమాసంలో కోక ఉంది. భద్రాచలానికి సమీపంలోని పర్ణశాల దగ్గర సీత తన నారచీరలను ఆరవేసిన గుర్తులని రాళ్ల మీది చారలను చూపిస్తారు. పగటిపూట ఎగిరే రంగుల జీవికి జనం సీత చీర పేరు పెట్టుకున్నారు. ఆ జీవి చీరకు పనికొచ్చే దారం ఇవ్వదు. చీరకు కావలసిన దారమంతా ఇచ్చే రాత్రి జీవి మాత్రం పురుగుగానే మిగిలింది. పగలు కనిపించినదానికి అందమైన పేరు, రాత్రి ఎగిరేదానికి పనిముట్టు పేరు దక్కడం భాషాచరిత్రలో గమనించదగిన విషయం.

3. ప్రాచీన ఆధారాల్లో అడవిపట్టు:

ఈ ధోరణి తెలుగుకే పరిమితం కాదు. సంస్కృతంలో పట్టును చెప్పే 'కౌశేయ' శబ్దాన్ని పాణిని 'కోశ' శబ్దం నుంచి సాధించాడు. కోశం అంటే గూడు. అమరకోశం కూడా కౌశేయాన్ని పురుగు గూటి నుంచి పుట్టినదిగానే చెబుతుంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో 'పత్రోర్ణ' అనే వస్త్రరకం ప్రస్తావన ఉంది. ఆకుఊలు అని దాని అర్థం. నాగవృక్షం, లకుచం, వకుళం, వటం అనే నాలుగు చెట్లను బట్టి దాని రంగులను అర్థశాస్త్రం వర్గీకరిస్తుంది. నాగవృక్షానిది పసుపు, లకుచానిది గోధుమవన్నె, వకుళానిది తెలుపు, వటానిది వెన్నరంగు. దీన్ని అడవిపట్టుగా పలువురు పండితులు గుర్తించారు. అక్కడ కూడా చెట్టు ఉంది, రంగు ఉంది, దేశం ఉంది. జీవి లేదు.

పురావస్తు ఆధారాలు మాటలకంటే ముందుకాలానికి తీసుకెళతాయి. హరప్పా, చన్హుదారోలలో దొరికిన ఆభరణాలకు అంటుకొని ఉన్న పోగులను సూక్ష్మదర్శినితో పరిశీలించిన పరిశోధకులు అవి అడవిపట్టు పోగులని 2009లో ప్రకటించారు. క్రీ.పూ. 2450–2000 మధ్యకాలానికి చెందిన వాటిలో దసలి జాతి పోగును కూడా గుర్తించారు. గోదావరి ఉపనది ప్రవర ఒడ్డున ఉన్న నేవాసాలో తామ్రశిలాయుగపు పూసల దండలోనూ పట్టుదారం జాడ దొరికింది. చైనా మల్బరీ పట్టు ప్రభావానికి సంబంధం లేకుండా ఉపఖండంలో అడవిపట్టు సంప్రదాయం ఎంత పాతదో ఈ ఆధారాలు సూచిస్తున్నాయి.

4. యూరపు నామకరణం – సూదికి గుచ్చిన చిమ్మట:

రెక్కల దశను ముందుపెట్టి పేరు పెట్టినవారు యూరపు ప్రకృతి శాస్త్రజ్ఞులు. లిన్నేయస్ 1758లో ఈ వర్గపు చిమ్మటకు 'పాఫియా' అని పేరు పెట్టాడు. లండన్‌లో వెండిపని వ్యాపారిగా ఉంటూ ప్రపంచం నలుమూలల నుంచి కీటకాలను సేకరించిన డ్రూ డ్రూరీ 1773లో వెలువడిన తన చిత్రగ్రంథం రెండవ సంపుటంలో 'మైలిట్టా' అనే పేరు ఇచ్చాడు. పాఫియా అంటే సైప్రస్‌లోని పాఫోస్ క్షేత్రపు ప్రేమదేవత. మైలిట్టా అదే దేవతకు అస్సీరియనులు పెట్టుకున్న పేరని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ చెప్పాడు. ఒకే దేవతకు చెందిన రెండు పేర్లు ఒకే వర్గపు చిమ్మటలకు చేరాయి. ఏ పేరు ఏ జీవికి చెల్లుతుందనే సందిగ్ధం ఆ తర్వాతి గ్రంథాల్లో చాలాకాలం కొనసాగింది.

ఇక్కడ చూపు పూర్తిగా తలకిందులైంది. అడవిలో కాయ కనిపించి చిమ్మట కనిపించలేదు. లండన్‌లో చిమ్మట కనిపించి చెట్టు కనిపించలేదు. డ్రూరీ గ్రంథానికి మోసెస్ హారిస్ గీసిన బొమ్మల్లో ప్రధానంగా ఉన్నవి రెక్కలు విప్పిన కీటకాలే. అంతకు ఎంతో ముందే, 1705లో, మరియా సిబిల్లా మెరియన్ సూరినాం కీటకాల గ్రంథంలో గొంగళిపురుగును, గూటిని, రెక్కల జీవిని, మేత మొక్కను ఒకే చిత్రంలో చూపింది. ఆ సమగ్ర దృష్టి సేకర్తల బల్లల మీద నిలవలేదు.

దసలి విషయంలో ఆ దృష్టికి దగ్గరగా వచ్చినవాడు విలియం రాక్స్‌బర్గ్. ఈయనకు తెలుగునేలతో గాఢమైన సంబంధం ఉంది. 1781 నుంచి 1793 వరకు గోదావరి డెల్టా సమీపంలోని సామర్లకోటలో పనిచేశాడు. అక్కడ ఉండగానే లక్కపురుగు మీద రాసిన వ్యాసం 1791లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. 1795 నుంచి వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంలో మొక్కల తెలుగు పేర్లను నమోదు చేశాడు. నల్లమద్దికి 'టొమెంటోసా' అనీ, తెల్లమద్దికి 'అర్జున' అనీ ఆయన ఇచ్చిన పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి.

కలకత్తా వృక్షోద్యానానికి వెళ్లిన తర్వాత, 1804లో లిన్నేయన్ సొసైటీ సంపుటంలో ఆయన దసలి, ఆముదపు పట్టుపురుగుల మీద వ్యాసం ప్రచురించాడు. పురుగు, మేత చెట్టు, కాయ, చిమ్మట అనే నాలుగింటినీ కలిపి వివరించడం ఆ వ్యాసం విశేషం. కొండజనం చెట్టు కింద రాలిన పురుగు పెంటికలను చూసి పైన పురుగులున్నాయని గుర్తించి, ఆ కొమ్మలను నరికి తెచ్చి తమకు అనువైన మద్దిచెట్ల మీద వదిలి, పక్షుల నుంచి కాపాడే పద్ధతి అందులో నమోదైంది. ఆ పరిశీలనాజ్ఞానం కొండజనానిది. వ్యాసం శీర్షిక మాత్రం ఆ పురుగులను బెంగాల్ పురుగులంటుంది. పన్నెండేళ్లు గోదావరి సమీపంలో గడిపి, మద్దిచెట్లకు పేర్లు పెట్టిన శాస్త్రజ్ఞుని చేతిలో కూడా గోదావరి చిమ్మటకు చిరునామా దక్కలేదు.

5. మారిన సరిహద్దులు, మారని వర్గీకరణ:

పందొమ్మిదో శతాబ్దం ద్వితీయార్ధంలో బ్రిటిష్ ఆసక్తి తిరిగి కాయ మీదికి మళ్లింది. ఇంగ్లండులోని లీక్ పట్టణపు అద్దకందారు థామస్ వార్డిల్ దసలిపట్టుకు రంగు పట్టించే పద్ధతులను పరిశోధించి, 1878 పారిస్ ప్రదర్శనలో భారతీయ అడవిపట్టును ప్రదర్శించాడు. 1881లో దాని మీద గ్రంథం ప్రచురించాడు. సహజమైన తేనెరంగు ఉన్న ఈ పట్టు రంగును సులభంగా పట్టదు కాబట్టి, యూరపు విపణికి అది ఒక రసాయన సమస్యగా కనిపించింది.

అదే కాలంలో చిమ్మట ఉన్న అడవి పాలకుల మధ్య చేతులు మారుతూ వచ్చింది. 1860లో నిజాం నుంచి బ్రిటిష్‌వారికి వెళ్లిన భద్రాచలం ప్రాంతం మధ్యపరగణాల్లోని ఎగువ గోదావరి జిల్లాలో చేరింది. 1874లో మద్రాసు రాజధాని గోదావరి జిల్లాకు మారింది. 1882 మద్రాసు అటవీచట్టం అడవిని రిజర్వుగా ప్రకటించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. 1953లో ఏర్పడిన ఖమ్మం జిల్లాలో భద్రాచలం 1959లో కలిసింది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఒకే మద్దిచెట్టు నూట యాభై ఏళ్లలో ఇన్ని పాలనల కిందికి వచ్చింది.

ఇన్ని మార్పుల్లోనూ కాయ స్థానం మారలేదు. 2006 అటవీహక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఉత్పత్తులను నిర్వచిస్తూ 'వృక్షమూలమైన' ఉత్పత్తుల జాబితాలో వెదురు, బీడీ ఆకు, మూలికలతోపాటు టసర్‌నూ పట్టుకాయలనూ చేర్చింది. తేనె, మైనం, లక్క కూడా అందులోనే ఉన్నాయి. జీవశాస్త్రం ప్రకారం ఇవి కీటకాల ఉత్పత్తులు. చట్టం ప్రకారం చెట్టువి. కోయ సేకర్త నోట 'కాయ' అనే మాటలో ఉన్న చూపే పార్లమెంటు చట్టంలోనూ కనిపించడం కాకతాళీయం కావచ్చు. అయినా ఆ వర్గీకరణ వల్ల కలిగిన మేలు చిన్నది కాదు. సేకరించుకునే హక్కు, యాజమాన్యం, అమ్ముకునే స్వేచ్ఛ అడవిబిడ్డలకు చట్టబద్ధంగా లభించాయి. కొరత మరొకచోట ఉంది. కాయ మీద హక్కు చెప్పిన చట్టం ఆ కాయను మళ్లీ మళ్లీ ఇవ్వవలసిన చిమ్మట గురించి ఏమీ చెప్పలేదు.

6. 'ఆంధ్రా లోకల్' – ఒక రకం, ఒక పేరు:

కేంద్ర పట్టు బోర్డు చట్టం 1948లో వచ్చింది. దసలి పరిశోధనకు ప్రత్యేక కేంద్రం 1964లో రాంచీలో ఏర్పడింది. దేశమంతటా వ్యాపించిన దసలి చిమ్మటలో ప్రాంతాన్ని, మేత చెట్టును, వాతావరణాన్ని బట్టి అనేక రకాలున్నాయని పరిశోధకులు గుర్తించారు. కాయ పరిమాణం, రంగు, ఏడాదిలో వచ్చే పంటల సంఖ్య, చిమ్మట వర్ణం ఒక్కో రకంలో ఒక్కో తీరుగా ఉంటాయి. సింగ్‌భూమ్ ప్రాంతపు దాబా, ఒడిశాకు చెందిన సుకింద, మోదల్, బస్తర్‌కు చెందిన రైలీ, మహారాష్ట్రకు చెందిన భండారా అటువంటివి. గోదావరి పరీవాహకంలోని తెలుగు అడవుల రకానికి పెట్టిన పేరు 'ఆంధ్రా లోకల్'.

ఆ పేరు రాష్ట్ర రాజకీయ చరిత్రలోని ఒక దశను పట్టి ఇస్తుంది. ఆ రకానికి ప్రధానస్థావరాలైన మహదేవ్‌పూర్, చెన్నూరు అడవులు ఇప్పుడు తెలంగాణలో ఉన్నాయి. శాస్త్రసాహిత్యంలో పేరు మారలేదు. మిగిలిన రకాల పేర్లలో కొన్ని ఒక ప్రాంతాన్ని గుర్తుకు తెస్తాయి. ఈ పేరులో అడవి లేదు, చెట్టు లేదు. ఒక పరిపాలనా విభాగమూ, 'స్థానికం' అనే సాధారణ విశేషణమూ మాత్రమే ఉన్నాయి.

పేరుకంటే గంభీరమైన విషయం ఆ రకం మనుగడ. ఎక్కువ దిగుబడినిచ్చే దాబా రకం గుడ్లను విస్తృతంగా పంపిణీ చేయడం, మద్దిచెట్ల నరికివేత, అడవి తగ్గిపోవడం వంటి కారణాలతో స్థానిక రకం క్షీణిస్తున్నదని పట్టుపరిశోధన రంగంలో ఆందోళన వ్యక్తమైంది. దిగుబడిని కాయ బరువుతో కొలిచే పద్ధతిలో స్థానిక రకానికి ఎప్పుడూ వెనుకస్థానమే. స్థానిక వర్షాలకు, ఎండలకు, మద్ది చిగురుకు అలవాటుపడిన దాని జీవగడియారం ఆ తూకంలో కనిపించదు.

గుడ్ల ఉత్పత్తి కేంద్రంలో చిమ్మటను శ్రద్ధగా పరిశీలించే సందర్భం ఒకటుంది. ఫ్రాన్సులో పట్టుపురుగులను నాశనం చేసిన పెబ్రిన్ వ్యాధి మీద లూయీ పాశ్చర్ 1865 నుంచి పరిశోధించి రూపొందించిన పద్ధతి నేటికీ అమలులో ఉంది. గుడ్లు పెట్టిన తల్లి చిమ్మటను నలిపి, సూక్ష్మదర్శినితో చూసి, వ్యాధి లేదని తేలితేనే ఆ గుడ్లను రైతుకు ఇస్తారు. నాలుగు కళ్ల రెక్కలతో కాయ నుంచి బయటికి వచ్చిన జీవిని మనిషి అంత దగ్గరగా చూసేది అప్పుడే. పట్టు తీయడానికి మాత్రం చిమ్మట రాకముందే కాయలను ఉడికిస్తారు. చిమ్మట బయటికి వచ్చిన కాయ నుంచి అఖండమైన దారం రాదు. దాన్ని వడికి ముతకనూలు చేస్తారు. అందువల్ల నేతవారి లెక్కలో రెక్కలు వచ్చిన చిమ్మట ఒక నష్టం. వచ్చే ఏటి పంట లెక్కలో అదే పెట్టుబడి. ఈ రెండు లెక్కల మధ్య సమతుల్యాన్ని అడవిలో వదిలేసిన కొన్ని కాయలే కాపాడుతూ వచ్చాయి. కాయకు ధర పెరిగి, అడవి తగ్గి, ఏ కాయా మిగలని పరిస్థితి వస్తే ఆ సమతుల్యం చెదురుతుంది.

ముగింపు:

దసలి చిమ్మట చరిత్రలో ఒక్కో చూపు ఒక్కో దశ దగ్గర ఆగిపోయింది. సేకర్త కాయను చూశాడు, నేతగాడు నాడెను చూశాడు, అర్థశాస్త్రం చెట్టును చూసింది, లండన్ సేకర్త రెక్కను చూశాడు, చట్టం ఉత్పత్తిని చూసింది, పరిశోధన సంస్థ బరువును చూసింది. ప్రతి పేరూ తన మేరకు నిజమే. గుడ్డు, పురుగు, కాయ, చిమ్మట, మద్దిచెట్టు ఒకే జీవితమని చెప్పే మాట మాత్రం ఏ వ్యవస్థలోనూ స్థిరపడలేదు. పెంటికలను చూసి పైనున్న పురుగును గుర్తించిన కొండజనం జ్ఞానం ఆ మాటకు అన్నిటికంటే దగ్గరగా ఉంది.

ఈ విషయంలో తెలుగు పరిశోధన చేయదగిన పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి ఆధ్వర్యంలో వచ్చిన మాండలిక వృత్తిపదకోశాలు 1962లో వ్యవసాయానికీ, 1971లో చేనేతకూ సంబంధించిన పదజాలాన్ని జిల్లాలవారీగా పదిలపరిచాయి. మగ్గం మీది మాటలకు దక్కిన ఆ గౌరవం మద్దిచెట్టు కింది మాటలకూ దక్కాలి. మహదేవ్‌పూర్, చెన్నూరు, భద్రాచలం, చింతూరు అడవుల్లో తెలుగులోనూ కోయభాషలోనూ పురుగు దశలకు, కాయ రకాలకు, చిమ్మట రూపభేదాలకు, కాపలా పద్ధతులకు ఉన్న పదాలను సేకరించి, వాటిని కీటకశాస్త్ర వర్ణనలతో జతపరచాలి. ఏ రకం ఎక్కడ మిగిలి ఉందో చెప్పగలిగేది చివరికి ఆ పదాలు తెలిసిన మనుషులే. వారి తరం దాటిపోతే, స్థానిక రకం ఏ చెట్టు మీద ఎప్పుడు ఆగిపోయిందో చెప్పడానికి కూడా మాట మిగలదు.